హెప్సిబా పుస్తకంలో దొంగ

మా కాలేజీలో హెప్సిబా ఫోన్ మాట్లాడే పద్ధతి రెండు రకాలు. ప్రిన్సిపాల్ చేసినా, యూనివర్సిటీ నుంచి వచ్చినా కూర్చున్న కుర్చీలోనే ఎత్తి స్టాఫ్‌రూమ్ అంతా వినేలా మాట్లాడుతుంది. వాళ్లమ్మ చేస్తే మాత్రం ఫోన్ పట్టుకుని మెట్లు దిగి, బండ్లు పెట్టుకునే రేకుల షెడ్డు దాకా పోయి, గోడవైపు తిరిగి నిలబడుతుంది. మే నెల ఎండలోనూ అంతే. ఏం రహస్యాలమ్మా అవి అని ఒకసారి ఆటపట్టిస్తే "లోపల సిగ్నల్ సరిగా రాదక్కా" అంది. మా స్టాఫ్‌రూమ్‌లో సిగ్నల్‌కు ఏ లోటూ లేదు.

నా పేరు స్వరూప. వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. హెప్సిబా అక్కడే ఇంగ్లీషు చెబుతుంది. నేను పెద్దదాన్ని కాబట్టి అక్కా అంటుంది. మాది తెలకపల్లి దగ్గర కాస్తో కూస్తో మెట్ట పొలం ఉన్న ఇల్లు. వాళ్లది పెద్దమందడి దగ్గర పల్లె, సొంత భూమి అన్నది ఎన్నడూ లేదు. తల్లి బాలమణి, తండ్రి ఏసురత్నం గుంపు మేస్త్రీ వెంట ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పోయేవాళ్లు. హెప్సిబా పుట్టింది కూడా కర్ణాటకలో ఏదో కాలువ గట్టు మీద వేసుకున్న గుడిసెలోనే. దేశమంతా 'పాలమూరు లేబర్' అని మా జిల్లా పేరు పెట్టి పిలిచే మనుషులు వాళ్లు.

పిల్ల తమలాగా తట్ట మోయకూడదని, బడి ఈడు రాగానే బాలమణి ఆమెను గద్వాలలో ఒక హాస్టల్లో వేసింది. ఆ వార్డెన్‌ను నేను ఏమీ అనలేను. కొట్టలేదు, తిట్టలేదు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి. పిల్ల "ఆడికి పోయినం" అంటే నవ్వి, "అక్కడికి వెళ్లాం అనాలి తల్లీ" అనేదట. అంతే, ఒక్క నవ్వు. ఆ నవ్వు మళ్లీ చూడకూడదని ఆ పిల్ల పదో తరగతికి వచ్చేసరికి రేడియోలో వార్తలు చదివే మనిషిలా మాట్లాడటం నేర్చుకుంది. సెలవులకు ఇంటికి పోతే తల్లే కొత్తపడేది. తండ్రి పోయింది ఆ రోజుల్లోనే, పని దగ్గర మట్టిపెళ్ల విరిగిపడి. ఆ తర్వాత బాలమణి దూరం పోవడం మానేసి, ఇక్కడే పల్లీ చేలల్లో కూలి చేసుకుంటూ బిడ్డను ఎం.ఏ. దాకా చదివించింది.

ఇప్పుడు హెప్సిబా తెలుగు వింటే బందరులో పుట్టిందనుకుంటారు. తెలుగు చెప్పే నేను "అట్ల గాదు" అని నోరు జారుతుంటాను. ఇంగ్లీషు చెప్పే ఆమె ఎన్నడూ జారదు. ఇంక ఆమె పాఠం సంగతి చెప్పాలంటే, ఎం.ఏ. పిల్లలకు ఆఫ్రికా సాహిత్యం చెబుతుంది. తెల్లవాడు వచ్చి నేలతో పాటు నాలుకను కూడా ఎలా పట్టుకుపోయాడో, బళ్లో తల్లిభాష మాట్లాడిన పిల్లలకు ఎలాంటి శిక్షలు వేశారో, తన అవ్వ మాట తనకే నామోషీ అయిన మనిషికి ఇంకేం మిగులుతుందో ఆమె చెబుతుంటే వరండాలో పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. నేనూ ఆగేదాన్ని. ఒకరోజు అలాంటి పాఠం మధ్యలోనే ఆమె ఫోన్ మోగింది. పిల్లలకు సారీ చెప్పి షెడ్డు దాకా పోయి వచ్చింది. మాకెవరికీ అందులో వింత కనిపించలేదు.

హైదరాబాదులో జితేందర్ అని ఒక ప్రచురణకర్త ఉన్నాడు. పుట్టింది మన నాగర్‌కర్నూలు వైపే గానీ ఆ సంగతి తనంతట తాను చెప్పడు. ఆయన జాంబియా రచయిత్రి ఒకామె రాసిన నవల తెచ్చి, తెలుగు చేయమని హెప్సిబాను అడిగాడు. ఆ రచయిత్రి ముందు తన ఊరి భాషలో రాసి, తర్వాత తానే ఇంగ్లీషులోకి మార్చుకుందట. కథ చిన్నదే. ఇంగ్లీషువాళ్ల కాలం. మ్వాపే అనే ముసలామె తమ చేలోనే జొన్న విత్తిందని, ఆ చేను ఇప్పుడు కంపెనీది కాబట్టి అది నేరమని, ఆ విత్తనం కూడా దొంగదేనని కోర్టుకు లాక్కొస్తారు. ఆమె చెప్పేది తెల్ల జడ్జికి అర్థం కాదు. మధ్యలో దుబాసీ ఒకడు నిలబడి, ఆమె మాటలన్నీ తుడిచి తోమి, పెద్దమనుషులు మాట్లాడినట్టు చేసి జడ్జికి అప్పజెబుతుంటాడు. చివరికి ఆ కోర్టులో ఆమె మాట ఒక్కటి కూడా మిగలదు. అదే కోర్టులో, అదే ఊరివాడు, కబ్వే అనే మేకల దొంగ కూడా ఉంటాడు. వాడు తాగుబోతు, నవ్విస్తాడు.

హెప్సిబా ఆ నవల మీద పడి పనిచేసింది. సెలవులు లేవు, పండుగలు లేవు. ఆ మ్వాపే రచయిత్రికి సొంత అవ్వేనట, ముందుమాటలో ఆమె గురించి ఒక వాక్యం ఉంది. మా అవ్వ కోర్టుకు ఉత్త కాళ్లతో పోయింది, ఈ పుస్తకాన్ని ఇంకో భాషలోకి తీసుకుపోయేవాళ్లు ఆమెకు చెప్పులు తొడగొద్దు అని. దాన్ని హెప్సిబా ఇలా రాసింది: "మా అమ్మమ్మగారి పాదాలకు పాదరక్షలు తొడగవద్దని అనువాదకులకు నా సవినయ మనవి." నేను చదివి, ఎంత బాగా వచ్చింది వాక్యం అని మెచ్చుకున్నాను. తెలుగులో నాకున్న పట్టా సాక్షిగా మెచ్చుకున్నాను.

పుస్తకం తల్లికి అంకితం. ఆవిష్కరణ మా కాలేజీ హాల్లోనే, మొదటి ప్రతి బాలమణి చేతుల్లో పెట్టాలి, ఆమె వేదిక మీద కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అదంతా హెప్సిబా కోరికే. తట్ట మోసిన తల్లిని తను పాఠం చెప్పే చోట కుర్చీలో కూర్చోబెట్టి అందరికీ చూపించాలని ఆమె ఎన్నేళ్లుగా అనుకుంటోందో నాకు తెలుసు. ఈ ఒక్క సంగతి అడిగితే చాలు, ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. బాలమణి చర్చిలో అందరికీ చెప్పుకుంది, పాస్టరు చేత ప్రార్థన కూడా చేయించింది.

ప్రూఫులు వచ్చాక ఒక ఆదివారం, చర్చి అయిపోయిన వేళకు, నేనూ హెప్సిబా వాళ్ల ఊరికి పోయాం. ప్రూఫు దిద్దడానికి మాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఒకరు అచ్చు కాగితం చూస్తూ పైకి చదవాలి, ఇంకొకరు రాతప్రతిలో వేలు పెట్టి వెంట రావాలి. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా నోటితో చెప్పాలి. హెప్సిబా చదువుతోంది, నేను వేలు పెట్టాను. బాలమణి నేనున్నానని మంచం మీద కూర్చోలేదు. ఎంత చెప్పినా వినకుండా గడప దగ్గర కింద కూర్చుని, చాటలో పల్లికాయ ఒలుస్తూ వింది. బిడ్డ రాసింది ఆమె చెవిన పడటం అదే మొదలు.

కాసేపటికి మెల్లగా అడిగింది. "గీ కామా అనేటాయన ఎవరు బిడ్డా? మాటిమాటికొస్తుండు."

మేమిద్దరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. హెప్సిబా, అది మనిషి కాదమ్మా, ఆగే చోటు అని చెప్పింది. నేను గమనించాను, తల్లితో కూడా పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతోంది. నేను పక్కనున్నందుకే అలా మాట్లాడుతోందని అప్పుడు నాకు తట్టలేదు.

కోర్టు అధ్యాయం వచ్చింది. ముసలి మ్వాపే జడ్జి ముందు నిలబడింది. హెప్సిబా గొంతు సవరించుకుని చదివింది. "అయ్యా, ఈ విత్తనాన్ని నేను ఎవరి వద్దా కొనలేదు. మా అత్తగారు స్వయంగా నా ఒడిలో పోశారు. దీనిని దొంగసొత్తు అని మీరు ఎలా అనగలరు?"

నేను తలెత్తి చూస్తే బాలమణి ఒలవడం ఆపేసింది. కొంగు తల మీదికి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, సర్దుకుని కూర్చుంది. చర్చిలో వాక్యం చదివేటప్పుడు వాళ్లలో ఆడవాళ్లు అలాగే కూర్చుంటారు. ముసలామె మాట్లాడినంతసేపూ ఆమె అలాగే ఉంది. అర్థమవుతోందా అమ్మా అని నేనడిగాను.

"జరంత అయితుంది మేడమ్. మంచిగున్నది. బైబిల్ల ఉన్నట్టున్నది." తర్వాత కొంచెం తటపటాయించి, "గీ అమ్మ దొరసానమ్మనా?" అని అడిగింది.

"కాదమ్మా, కూలి మనిషే," అంది హెప్సిబా, పేజీ తిప్పుతూ.

ఆ తిప్పిన పేజీలో దొంగ వచ్చాడు. దుబాసీ వాణ్ని, మేకను ఎందుకు దొంగిలించావని అడుగుతాడు. హెప్సిబా వాడి మాటలు చదవడం మొదలుపెట్టింది. "నేనేడ దొంగతనం జేసిన సారూ. నేను నా తొవ్వల నేను పోతున్న. మేకనే నా యెంబడి వడ్డది. తాడు దాని మెడకున్నది నిజమే. గా కొస నా చేతికి ఎట్లొచ్చిందో నాకేమెర్క."

బాలమణి పగలబడి నవ్వింది. కొంగు తల మీది నుంచి జారిపోయింది, చాట ఒళ్లోంచి ఒరిగి గింజలు కింద పడ్డాయి. కళ్లు తుడుచుకుంటూ, "వీడు మనోడు," అంది. "వీనిది ఏ ఊరు బిడ్డా? మనోడే వీడు. ఇంక జర సదువు వీనిది."

హెప్సిబా చదివింది. వాడి రెండు పేజీలూ చదివింది. బాలమణి ప్రతి మాటకూ వంత పాడింది, మధ్యలో వాడికి బదులు తానే జవాబులు చెప్పింది. మ్వాపే అధ్యాయాలు దిద్దేటప్పుడు నాకు నిద్ర వచ్చేది, ఇక్కడ నాకూ హుషారొచ్చింది. రాతప్రతిలో మొదటిసారి చదివినప్పుడు కూడా నేను ఈ రెండు పేజీలకే నవ్వాను. పుస్తకం మొత్తంలో మా జిల్లా మాట మాట్లాడేది వాడొక్కడే. అది నాకు కనపడలేదు. సినిమాల్లో తాగుబోతులు, దొంగలు అలా మాట్లాడటం చూసి చూసి నా కళ్లు అలవాటు పడిపోయాయి. ఈమధ్య హీరోలు కూడా మన మాట మాట్లాడుతున్నారు, కాదనను. అయినా ఎక్కడ నవ్వాలో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నవ్వు సద్దుమణిగాక బాలమణి పల్లీలు ఏరుకుంటూ అంది. "గా ముసలామె సదువుకున్నదేమో. అందుకే గట్ల మాట్లాడుతుంది. వీడు మన లెక్క సదువు లేనోడు."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఉంటే బాగుండేది. లోకం అలాగే ఉంటుందన్నట్టు అంది. హెప్సిబా అచ్చు కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. ఆమె ముఖం చూశాక నాకు అర్థమైంది. ఇద్దరిదీ ఒకటే ఊరు, ఇద్దరిదీ ఒకటే భాష అని ఆ జాంబియా ఆమె పుస్తకమంతా రాసుకుంది. తెలుగుకు వచ్చేసరికి ముసలామె ఒక ఊరిదైంది, దొంగ ఇంకో ఊరివాడయ్యాడు. ఆ ఇంకో ఊరు మాది.

మేము లేవబోతుంటే బాలమణి బిడ్డ చెయ్యి పట్టుకుంది. నన్ను చూసి సందేహించి, అయినా చెప్పింది. "బిడ్డా, నన్ను స్టేజి మీదికి పిలువకు. ఎన్క కూసుంట, సూస్త. గాడ నేను నోరు తెరిస్తే గీ దొంగోని లెక్కనే వస్తది మాట. అందరు నవ్వుతరు. నీకు నామోషీ."

"ఎవరు నవ్వుతారమ్మా?" అంది హెప్సిబా.

"ఇప్పుడు మనం నవ్వలేదా," అంది బాలమణి, చాలా మామూలుగా.

వనపర్తి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. హెప్సిబా ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నన్ను చూడకుండా మాట్లాడింది. "మొదట రాశానక్కా, మా అమ్మ మాటలోనే. మ్వాపేవి మూడు నాలుగు పేజీలు. గీ ఇత్తనం నేనెవలకాడ కొనలే, మా అత్త నా ఒడిల పోసింది, దొంగదని ఎట్లంటవు సారూ, అని రాశాను. రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇంత గొప్ప మనిషి ఇలా మాట్లాడితే ఎవరు గౌరవిస్తారనిపించింది. చింపేశాను. దొంగ దగ్గరికి వచ్చేసరికి అవే మాటలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. ఆమె మాటలకు నిఘంటువు తిరగేశాను. వాడికి ఒక్క మాట కూడా వెతకలేదు."

ఆమె ఆ ముసలామె మాటలు రోడ్డు మీద నిలబడి చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ మాట పైకి చెప్పడానికి నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆమెను కూడా నేను నా స్నేహితులకు ఎన్నడూ పరిచయం చేసింది లేదు.

"పిల్లలకు ఏం పాఠం చెప్పానక్కా ఇన్నాళ్లూ," అంది హెప్సిబా. "ఆ దుబాసీని ఎంత తిట్టాను."

మరునాడు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని జితేందర్‌కు ఫోన్ చేసింది. నన్నూ వినమని స్పీకర్ పెట్టింది. మ్వాపే మాటలన్నీ మళ్లీ రాస్తాను, మా పాలమూరు మాటలో రాస్తాను, నాకు కొంత గడువు కావాలి అంది. ఆయన మర్యాదగానే విన్నాడు.

"మేడమ్, మీ అనువాదం అద్భుతంగా ఉంది. ముసలావిడ మాటల్లో ఎంత హుందాతనం ఉంది. దాన్ని ఎందుకు పాడు చేసుకుంటారు? విజయవాడలో కూడా చదవాలి కదా, విశాఖలో కూడా చదవాలి కదా."

"దొంగ మాటలు విజయవాడలో అర్థమవుతాయా మరి?" అంది హెప్సిబా.

"హాస్యం కదండీ, పండుతుంది," అన్నాడాయన. తర్వాత ఆయనే దారి చూపించాడు. "మీకు ఇబ్బందిగా ఉంటే ఒక పని చేయండి. ఆ దొంగను కూడా మంచి భాషలోకి మార్చేయండి. రెండు మూడు పేజీలే కదా. అప్పుడు ఎవరినీ తక్కువ చేసినట్టు ఉండదు. మిగతాది రెండో ముద్రణలో చూద్దాం. హాలు మాట్లాడాం, అతిథులకు చెప్పాం, ఇప్పుడు ఆగితే బాగుండదు మేడమ్."

మంచి భాష అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నాగర్‌కర్నూలు బస్టాండులో చాయ్ తాగి పెరిగిన మనిషి, మంచి భాష అన్నాడు. కానీ నేను ఫోన్ లాక్కుని ఏమీ అనలేదు. హెప్సిబా నా వైపు చూసింది. నేను నిలబడు అంటే నిలబడేదేమో. నేను ఏమన్నానంటే, ప్రస్తుతానికి అలా కానివ్వు, మీ అమ్మ వేదిక ఎక్కడం ముఖ్యం కదా అన్నాను. ఆమెకు కూడా వినాలనిపించింది అదే. ముసలామె మాటలన్నీ తిరగరాయడమంటే నెలల పని. పైగా అందరి చేతుల్లోకి అమ్మ మాట పోతుందన్న భయం లోపల ఇంకా ఉంది. అది ఒక్క ఆదివారంతో పోయేది కాదు.

దొంగను ఒక మధ్యాహ్నంలో మార్చేశాం. నేనే పక్కన కూర్చుని మాటలందించాను. "నేను దొంగతనం చేయలేదండీ. నా దారిన నేను వెళ్తున్నాను. మేకే నన్ను అనుసరించింది. తాడు దాని మెడకు ఉన్నమాట వాస్తవమే." చదివి చూసుకుంటే తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. హెప్సిబా షెడ్డు దాకా పోయి తల్లికి ఫోన్ చేసి వచ్చింది. ఆ పేజీలు మార్చాను, ఇప్పుడు ఎవ్వరూ నవ్వరు, నువ్వు స్టేజి మీదికి రావాలి అని చెప్పిందట. సరే బిడ్డా, వస్త అన్నదట.

సభ రోజు బాలమణి కొత్త చీర కట్టుకుని, తలకు కొబ్బరినూనె రాసుకుని, తెల్లవారకముందే తయారై బస్సెక్కి వచ్చింది. హెప్సిబా కొత్త చెప్పులు కొనిపెట్టింది. కరుస్తున్నాయేమో, వేదిక మెట్ల దగ్గర ఆమె వాటిని విడిచి, ఉత్త కాళ్లతోనే పైకి పోయింది. మొదటి ప్రతి రెండు చేతులా అందుకుంది, పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. చప్పట్లు మోగాయి. రెండు మాటలు చెప్పమ్మా అని జితేందర్ మైకు ముందుకు జరిపాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఎంత అణకువో చూడండి అని ఆయన సభకు చెప్పాడు, మళ్లీ చప్పట్లు. హెప్సిబా తల వంచుకుని ఉంది.

తర్వాత ఒక విద్యార్థిని కోర్టు అధ్యాయం చదివింది. మ్వాపే మాట్లాడినప్పుడు బాలమణి తల మీద కొంగు సర్దుకుంది. దొంగ పేరు వినబడగానే ఆమె ముఖం వెలిగింది. కొంచెం ముందుకు వంగి, నవ్వడానికి సిద్ధంగా కూర్చుంది. వేదిక మీద ఉన్నానన్న భయం కూడా మరిచిపోయినట్టుంది. విద్యార్థిని చదివింది. నేను దొంగతనం చేయలేదండీ. నా దారిన నేను వెళ్తున్నాను. బాలమణి వింటూనే ఉంది. వాడు వస్తాడు, ఇంకాసేపట్లో వస్తాడు అన్నట్టు ఎదురుచూసింది. రెండు పేజీలూ అయిపోయాయి. హాల్లో ఎవ్వరూ నవ్వలేదు. ఆమె నెమ్మదిగా వెనక్కి వాలి, చేతిలో పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

సభ ముగిశాక వేదిక మెట్ల దగ్గర సమోసాలు, టీ పెట్టారు. ప్రిన్సిపాల్, జితేందర్ హెప్సిబాను అభినందిస్తున్నారు. ఆఫ్రికా తల్లుల గొంతును తెలుగు నేలకు తెచ్చారు మేడమ్ అని ప్రిన్సిపాల్ అంటున్నారు. బాలమణి వెనక నుంచి వచ్చి బిడ్డ మోచెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"మనోడు ఏడి బిడ్డా? గా మేకల దొంగోడు."

"ఉన్నాడు కదమ్మా. చదివారు కదా ఇప్పుడే."

"వాడు కాదు. మనోడు." ఆమె పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని నిలబడింది. "గంత పెద్ద బుక్కుల మనోడు ఒక్కడుండె. వాన్ని గూడ ఎల్లగొట్టినవా?"

హెప్సిబా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని పక్కన పెట్టే చోటు కోసం చూసింది, దొరకలేదు. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషి, షెడ్డు దాకా పోయి మాట్లాడే మనిషి, ఇద్దరూ ఆ మెట్ల దగ్గర ఒక్కచోటే ఇరుక్కుపోయారు. ఇంక ఎటూ పోవడానికి లేదు. ఆమె నోరు తెరిచింది. అప్పటిదాకా ఆ కాలేజీలో ఎవ్వరం వినని గొంతు అది.

"అవ్ అమ్మా. నేనే ఎల్లగొట్టిన. నాకు సిగ్గయ్యింది. గా ముసలామెను గూడ నేనే మార్చిన. ఆమె మాట నీ మాట లెక్కనే ఉండాలె. నీ మాట రాస్తే అందరు నవ్వుతరని సిగ్గయ్యి, ఆమె నోట్లె పరాయి మాట పెట్టిన. నువ్వు ఏం తప్పు జెయ్యలే. నేను జేసిన."

ప్రిన్సిపాల్ మాట మధ్యలో ఆగిపోయారు. జితేందర్ సమోసా ప్లేటు పట్టుకుని అలాగే చూస్తున్నాడు. టీలు అందిస్తున్న విద్యార్థులు తిరిగి చూశారు. బాలమణి కంగారుగా అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బిడ్డ దగ్గరికి జరిగింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా," అంది. "సార్లు ఇంటుండ్రు."